బోర్లించి చూపించాకే

4వ తేదీ, సోమవారం

ఈ ఫైలుకి "పాత స్టాకు, అమ్ముడుపోనివి" అని పేరు పెట్టాను. షాపు కంప్యూటర్లో ఇంతకంటే భద్రమైన చోటు లేదు. ఈయనకి ప్రింటింగ్ ప్రెస్సు తప్ప వేరే లోకం లేదు కాబట్టి చూడరు. మామయ్య అయితే చూసేవారే, కానీ ఇప్పుడు మేడ దిగి రాలేరు.

ఎవరితోనైనా చెప్తే అసూయ అంటారు, అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను. అసూయ కాదు. పందొమ్మిదేళ్ళుగా ఈ విడిభాగాల షాపు కౌంటర్ వెనక కూర్చుంటున్నాను. రెసిస్టర్ దగ్గర్నుంచి మోటార్ దాకా ఏ సొరుగులో ఏముందో కళ్ళు మూసుకుని తీస్తాను. నాకు ఒకరిని చూసి ఏడవాల్సిన ఖర్మ ఏమిటి.

జరిగిందేమిటంటే, మామయ్యకి పక్షవాతం వచ్చి ఆరు వారాలైంది. కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దముద్దగా వస్తోంది. ఫిజియో అమ్మాయి మంగళవారం, శుక్రవారం వస్తుంది. గుండ్రటిదేదైనా ఇచ్చి వేళ్ళతో రోజూ తిప్పించమంది, ఎన్నిసార్లు తిప్పారో రాసిపెట్టమంది. చెయ్యి తిరిగొచ్చేదంతా మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ వస్తుందట, ఆ రోజులు వదులుకోవద్దని రెండుసార్లు చెప్పింది. మేం సీసా మూత ఇచ్చాం. ఆయన రెండు తిప్పులు తిప్పి పక్కకి తోసేశారు. జీవితమంతా వెయ్యి రకాల నాబ్‌లు అమ్మిన మనిషికి సీసా మూత ఇస్తే తోసెయ్యరా మరి.

ఇవాళ పొద్దున చిన్నది కౌంటర్ దగ్గరికి వచ్చింది. చిన్నదంటే నా తోడికోడలు, మరిది భార్య. మరిది లిఫ్టులు బిగించే పని మీద ఊళ్ళు తిరుగుతుంటాడు, ఇది మా దగ్గరే ఉంటుంది. వచ్చి, రోటరీ ఎన్‌కోడర్ ఉందా అక్కా అని అడిగింది, దగ్గుమందు ఉందా అన్నంత తేలిగ్గా. పెళ్ళై రెండేళ్ళైంది, ఒక్కరోజు షాపులో కూర్చున్న పాపాన పోలేదు.

ఎన్‌కోడరంటే తిప్పితే టక్కు టక్కుమని వేలికి తగిలే నాబ్. పాత రేడియో నాబ్‌లా చివర ఆగదు, ఎంతసేపైనా తిరుగుతుంది. ఒక్కో టక్కుకీ సిగ్నల్ ఇస్తుంది. దాన్ని చిన్న కంట్రోలర్ బోర్డుకి కలిపి, టక్కులు లెక్కపెట్టించి, అంకెల డిస్‌ప్లే మీద చూపిస్తుందట. మామయ్య తిప్పుతుంటే కళ్ళముందే లెక్క పెరుగుతుందట. ఫోన్లో వీడియో చూసిందట.

మంచి ఆలోచనే. నాకు రావాల్సిన ఆలోచన.

ఉంది, వెతికి రేపు తీసిస్తానన్నాను. సొరుగు నా మోచేతి పక్కనే ఉంది.

5వ తేదీ, మంగళవారం

కడుపులో మంట. గ్యాస్ మాత్ర వేసుకున్నాను. ఎన్‌కోడర్ రేపు ఇస్తాను.

6వ తేదీ, బుధవారం

మా షాపులో ఒక పద్ధతి ఉంది. ఏ మాడ్యూల్, అంటే చిన్న బోర్డు మీద బిగించిన భాగం, అడిగినా కౌంటర్ మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, దానిమీద బోర్లించి, వెనకవైపు చూపించాకే కవర్లో వెయ్యాలి. మామయ్య పెట్టింది. ముందువైపు అన్నీ పెళ్ళిచూపులకి కూర్చున్నట్టే ఉంటాయి, అసలు సంగతంతా వీపు మీదే ఉంటుంది అనేవారు. తొందరలో ఉన్న కస్టమర్ విసుక్కున్నా సరే, చూపించకుండా ఇస్తే ఊరుకునేవారు కాదు.

ఎన్‌కోడర్ మాడ్యూల్ వీపు మీద రెండు బుల్లి రెసిస్టర్లు ఉండాలి, రెండు సిగ్నల్ తీగలకీ ఒక్కొక్కటి. నాబ్ కదలనప్పుడు ఆ తీగల్ని నిలకడగా పట్టి ఉంచేది అవే. అవి లేకపోతే తీగ పిచ్చిపట్టినట్టు ఆడుతుంది. పక్కన చెయ్యి కదిలినా సిగ్నల్ వచ్చేసిందనుకుంటుంది. నాలుగేళ్ళ కింద అలా రెసిస్టర్లు పెట్టకుండా చేసిన సరుకు ఒక పెట్టెడు వచ్చిపడింది. పారెయ్యబుద్ధి కాక మామయ్య వాటిని నీలం రేకు డబ్బాలో పోసి, మూత మీద "గుడ్డివి" అని రాశారు. వాటిలోంచి ఇస్తే రెండు రెసిస్టర్లు కూడా చేతిలో పెట్టి, ఎక్కడ అతకాలో చూపించి మరీ ఇవ్వాలని ఆర్డర్.

చిన్నదానికి ఇవాళ మాడ్యూల్ ఇచ్చాను. షాపు రద్దీగా ఉంది. గుడ్డ పరచలేదు, కవర్లో వేసి చేతికిచ్చేశాను.

ఏ డబ్బాలోంచి తీశానో గుర్తు లేదు.

7వ తేదీ, గురువారం

గుర్తుంది. నీలం డబ్బా.

రద్దీ కూడా లేదు. ఒకే ఒక్క మనిషి ఉన్నాడు, ఫ్యూజు కోసం వచ్చాడు.

అయినా ఏమవుతుంది. పని చెయ్యదు, అంతే కదా. రెండు రోజులు తల బద్దలు కొట్టుకుంటుంది. తర్వాత నా దగ్గరికొచ్చి రావట్లేదక్కా అంటుంది. నేను మేడ మీదికెళ్ళి మామయ్య ముందే దాన్ని బోర్లించి, రెండు రెసిస్టర్లు అతికి, రెండు నిమిషాల్లో నడిపించి చూపిస్తాను. ఎవరికీ నష్టం లేదు.

8వ తేదీ, శుక్రవారం

టీ ఇవ్వడానికి మేడ మీదికెళ్ళాను. చిన్నది మంచం మీద, ఆయన కాళ్ళ దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చుంది. దుప్పటి మీద బోర్డు, తీగలు, డిస్‌ప్లే. నాన్నా ఇది ప్లస్సా, నాన్నా ఇది గ్రౌండా అని అడుగుతోంది. ఆయన ఎడమచేత్తో చూపిస్తున్నారు.

నాన్నా అంటోంది. నేను పందొమ్మిదేళ్ళుగా మామయ్యా అనే అంటున్నాను. అలా పిలవచ్చని నాకు తోచనేలేదు.

నేను కాపురానికొచ్చిన కొత్తలో ఇంట్లో తోచక ఏడుపు మొహం పెట్టుకుని తిరుగుతుంటే, అప్పటికి బతికే ఉన్న అత్తయ్య నన్ను కిందకి పంపించింది. మామయ్య ఒక డబ్బా నా ముందు కుమ్మరించారు. అన్నీ కలిసిపోయిన రెసిస్టర్లు, రెండు వేలైనా ఉంటాయి. వాటి మీద రంగు గీతల్ని బట్టి వేరు చెయ్యమన్నారు. గోధుమరంగు, నలుపు, నారింజ ఉంటే పదివేల ఓమ్‌లది. పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు కౌంటర్ మీది ఆకుపచ్చ గుడ్డ నా చేతికిచ్చారు. ఆయన దగ్గర నేను నేర్చుకుంది అలా. దీనికి మంచం మీదే, టీ తాగుతూ అయిపోతోంది. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు.

సిగ్నల్ తీగలు రెండూ తారుమారు పెట్టింది. కుడికి తిప్పితే లెక్క తగ్గుతోంది. మామయ్య నవ్వారు. సగం మూతితోనే, కానీ నవ్వారు. జబ్బు చేశాక అదే మొదటిసారి. చిన్నది తీగలు మార్చలేదు, ప్రోగ్రామే మార్చేసింది. ఎటు తిప్పినా చెయ్యే కదా నాన్నా తిరిగేది, ఎటు తిప్పినా లెక్క పెరగాలంది.

టీ చల్లారిపోయింది. ఎవరూ చూసుకోలేదు.

9వ తేదీ, శనివారం

పని చేస్తోంది.

11వ తేదీ, సోమవారం

పని చేస్తోందంటే, నేను అనుకున్నట్టు ఆగిపోలేదని. నాబ్ తిప్పితే అంకె కదులుతుంది. తిప్పకపోయినా కదులుతుంది. వీడియోలోవాడి మాడ్యూల్‌కి రెసిస్టర్లు ఉండి ఉంటాయి, వాడి ప్రోగ్రామే చిన్నది దించుకుంది, ఇక్కడ రెసిస్టర్లు లేవన్న సంగతి దానికి తెలియదు. తీగ మీదుగా ఎవరి చెయ్యి పోయినా పది పన్నెండు ఎగురుతోంది. ఎటైనా పెరగడమే తప్ప తగ్గడం లేదు కదా, తప్పుడు టక్కులన్నీ లెక్కలో కలిసిపోతున్నాయి.

మంచం పక్కన నిలబడి చూశాను. మామయ్య బొటనవేలు, చూపుడువేలు నాబ్‌కి ఆనించారు. చెమటలు పట్టాయి. ఒక్కో టక్కు వినిపించడానికి నేను గుటక మింగేంత సేపు పట్టింది. డిస్‌ప్లే మాత్రం ముప్ఫై, నలభై అంటూ పరిగెత్తింది. వంద రాగానే చిన్నది చప్పట్లు కొట్టి, ఇవాల్టికి చాలు నాన్నా అంటూ నాబ్ తీసేసింది. ఆయన ఏదో అనబోయారు. "కా... కా..." అన్నారు. కాఫీ కావాలేమో అని చిన్నది వంటింట్లోకి పరిగెత్తింది.

తిప్పుతున్నంతసేపూ ఆయన ఎడమచేతి వేలు దుప్పటి మీద కొట్టుకుంటూనే ఉంది. అలవాటేమో.

సాయంత్రం ఈయన కేకు తెచ్చారు. వంద కొట్టాడట వాళ్ళ నాన్న. ఇంత తెలివైన మరదలు దొరికిందని చిన్నదాని ప్లేటులో పెద్ద ముక్క వేశారు. "నీ షాపులో సరుకే కదా, నీకూ సగం క్రెడిట్" అన్నారు నాతో.

కేకు బాగానే ఉంది. తినలేకపోయాను.

12వ తేదీ, మంగళవారం

ఫిజియో అమ్మాయి డిస్‌ప్లే చూసి ముచ్చట పడింది. ఫొటో తీసుకుంది. వేరే పేషెంట్లకి కూడా చేసిస్తారా అని అడిగింది. చిన్నదాన్ని అడిగింది, నన్ను కాదు. పట్టు కొలిచే మీటర్ మామయ్య చేతిలో పెట్టి నొక్కించింది. మూడు కిలోలు. పోయిన వారమూ మూడే. ఇప్పుడేగా మొదలుపెట్టింది, పెరుగుతుందిలెండి అంది.

నేను అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. అప్పుడే చిన్నది, రోజుకి మూడుసార్లు చేయిస్తానండీ, మూడు వందలు కొట్టిస్తా అంది. ఆ అమ్మాయి దాని భుజం తట్టింది.

చెప్పలేదు.

14వ తేదీ, గురువారం

300.

15వ తేదీ, శుక్రవారం

300. పట్టు మూడు కిలోలే.

షాపులో ఒకతను ఎన్‌కోడర్ అడిగాడు. గుడ్డ పరిచాను. బోర్లించాను. అతను నా మొహం చూసి, ఏమ్మా ఒంట్లో బాలేదా అన్నాడు.

18వ తేదీ, సోమవారం

ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. నేనెందుకు చెడగొట్టాలి. మామయ్యకి ఉత్సాహం కావాలి, డాక్టర్లు కూడా అదే అంటారు. అంకె తప్పైతేనేం, ఉత్సాహం నిజమే కదా. పైగా ఇప్పుడు చెప్తే, కుళ్ళుతో చెడగొడుతోంది అనరూ?

నేను ఇచ్చిన మాడ్యూలే అని కూడా బయటపడుతుంది. అది వేరే సంగతి.

19వ తేదీ, మంగళవారం

మూడు కిలోలు. ఫిజియో అమ్మాయి ఈసారి నవ్వలేదు. చార్టు రెండుసార్లు చూసింది. శుక్రవారం చూద్దామంది.

మామయ్య ఇవాళ డిస్‌ప్లేని ఎడమచేత్తో పక్కకి తోసేశారు. చిన్నది అలిగారా నాన్నా అని బతిమాలి మళ్ళీ ముందు పెట్టింది. ఆయన నా వైపు చూశారు. నేను కిటికీ తెర సరిచేశాను. తెర సరిగ్గానే ఉంది.

22వ తేదీ, శుక్రవారం

పొద్దున్నుంచి జరిగిందంతా వరసగా రాస్తాను.

పది గంటలకి ఫిజియో అమ్మాయి వచ్చింది. మీటర్ మూడే చూపించింది. మామయ్య చెయ్యి పట్టుకుని కాసేపు నిమిరి, మమ్మల్ని ముగ్గుర్నీ, అంటే నన్నూ ఈయన్నీ చిన్నదాన్నీ వరండాలోకి పిలిచింది. రోజుకి మూడు వందల చొప్పున పది రోజులు చేశారు, అంత పని చేసినా వేళ్ళలో బలం ఏమాత్రం రాలేదంటే ఆ నరం ఇవ్వాల్సింది ఇచ్చేసిందనుకోవాలి అంది. ఇంకా తిప్పించి అలసట పెట్టడం ఎందుకు, ఎడమచేత్తో పనులు అలవాటు చేద్దాం, కుడిచేతి వ్యాయామం ఇక ఆపేద్దాం అంది. చాలా మెత్తగా చెప్పింది. తను కూడా బాధపడింది.

చిన్నది గోడకి ఆనుకుని కిందకి జారిపోయింది. ఈయన అద్దాలు తీసి తుడుచుకుంటూనే ఉన్నారు. తేలు కుట్టిన దొంగలా నేను మాత్రం నోరు మెదపకుండా నిలబడ్డాను.

తలుపు తీసే ఉంది. మామయ్యకి మాటలు ముద్దగా వస్తాయి కానీ చెవులు బాగానే పనిచేస్తాయి. మేం లోపలికి వెళ్ళేసరికి గోడవైపు తిరిగి పడుకున్నారు. కుడిచెయ్యి దుప్పటి బయట ఉంది. వేళ్ళు వాటంతటవే, లేని నాబ్‌ని తిప్పుతున్నట్టు కొద్ది కొద్దిగా కదులుతున్నాయి.

నేను కిందకొచ్చి షాపు తెరిచాను. ఎవరో బల్బు హోల్డర్ అడిగితే బ్యాటరీ ఇచ్చానట.

ఆయన మూడు వందలు తిప్పలేదు. ఎన్ని తిప్పారో ఎవరికీ తెలియదు. తెలియకుండా చేసింది నేను.

23వ తేదీ, శనివారం

పొద్దున షాపు షట్టర్ సగం దించి, ఆకుపచ్చ గుడ్డ, నీలం డబ్బా, సోల్డరింగ్ ఐరన్, పట్టుకారు, గుప్పెడు రెసిస్టర్లు పట్టుకుని మేడ ఎక్కాను.

చిన్నది ఆ బోర్డునీ తీగల్నీ చెప్పుల పెట్టెలో సర్దేస్తోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అది ఇటివ్వు అన్నాను. ఎందుకక్కా ఇక, అంది. తీసుకుని మళ్ళీ కలిపి, డిస్‌ప్లే మీద గుడ్డ కప్పేసి, నాబ్ మామయ్య చేతికి ఆనించాను. ఒక్కసారి తిప్పండి మామయ్యా, వేళ్ళు ఆగిపోయేదాకా తిప్పండి అన్నాను. చాలాసేపు నా మొహంలోకి చూసి మొదలుపెట్టారు. ఎడమచేతి వేలు దుప్పటి మీద కొట్టడం మొదలైంది. నేను ఆ వేలే చూస్తూ కూర్చున్నాను. అలవాటు కాదని నాకు మొదటిరోజే తెలుసు. ఇక్కడ రాసుకోలేదు, అంతే.

ఆగారు. చెమట తుడిచి, ఎన్నయ్యాయని అడిగాను. ఎడమచేతి అయిదు వేళ్ళూ చూపించారు. మళ్ళీ అయిదు. తర్వాత మూడు.

గుడ్డ తీశాను. డిస్‌ప్లే మీద ఎనభై ఎనిమిది ఉంది.

చిన్నది అంకెనీ ఆయన వేళ్ళనీ మార్చి మార్చి చూసింది. ఎక్కడో తప్పు చేశానక్కా, ప్రోగ్రామ్‌లోనే ఏదో తప్పు చేశాను, నావల్లే నాన్న చెయ్యి, అంటూ ఫోన్లో ఆ వీడియో వెతకడం మొదలుపెట్టింది. నువ్వు కాదన్నాను. గుడ్డ మంచం మీద పరిచాను. తీగలు ఊడదీసి మాడ్యూల్ దాని మీద పెట్టాను. ముందువైపు పైకి పెట్టి ఆగిపోయాను. వేల మాడ్యూళ్ళు బోర్లించిన చెయ్యి, అది మాత్రం చేతకాలేదు.

మామయ్య దాని వైపే చూస్తున్నారు. పెదాలు కూడదీసుకుని, ఒక్కో అక్షరం లాక్కుంటూ, "బో... ర్లిం... చు" అన్నారు.

బోర్లించాను. రెండు ఖాళీ చోట్లు. నీలం డబ్బా మూత మీది అక్షరాలు చిన్నదానికి కనిపించేలా పక్కన పెట్టి, అన్నీ చెప్పేశాను. రద్దీ అని అబద్ధం చెప్పుకున్నదీ, నా దగ్గరికి పరిగెత్తుకొస్తావనుకున్నదీ, ఆయన ముందు గొప్ప చూపించుకుందామనుకున్నదీ అన్నీ. నాన్నా అని పిలిస్తే నాకు మండిందని కూడా చెప్పేశాను. అది చెప్పక్కర్లేదు, కానీ మొదలుపెడితే ఆగను కదా నేను.

చిన్నది తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆ రెండు ఖాళీ చోట్ల వైపు చూస్తూ అంది:

"బోర్లించకుండా ఇచ్చినప్పుడే గమనించానక్కా. బయటివాళ్ళకైతే చూపించాలి, ఇంటిదాన్ని కదా, నాకు అక్కర్లేదనుకున్నావేమో అని సంతోషపడ్డాను."

రెండేళ్ళలో నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి.

ఆ మాటకంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

తర్వాత మామయ్య ఎడమచేత్తో సోల్డరింగ్ ఐరన్ పిడి పట్టుకున్నారు. నా వైపు చాస్తారనుకున్నాను. చెయ్యి కూడా చాపాను. ఆయన చిన్నదానికిచ్చారు. నాకు పట్టుకారు చూపించారు. చిన్నది ఎప్పుడూ ఐరన్ పట్టింది కాదు. పందొమ్మిదేళ్ళ సర్వీసు తర్వాత నాకు పట్టుకారు ఉద్యోగం. గోధుమరంగు, నలుపు, నారింజ గీతలవి రెండు ఏరి, ఒక్కొక్కటీ పట్టుకుని ఉంచితే చిన్నది అతికింది. రెండోది అతికేటప్పుడు నా చూపుడువేలు కాలింది. కావాలనే కాల్చిందేమో. కాల్చినా తప్పులేదు.

మళ్ళీ కలిపాం. తీగల మీదుగా చెయ్యి ఊపాను. అంకె కదల్లేదు. మామయ్య తిప్పారు. అలసిపోయి ఉన్నారు కదా, నాలుగు టక్కులకే ఆగిపోయారు. డిస్‌ప్లే మీద 4 ఉంది. ఎడమచేతి నాలుగు వేళ్ళు లేచి ఉన్నాయి.

25వ తేదీ, సోమవారం

15. బొబ్బ చితికింది.

ఈయనకి శనివారమే చెప్పాను. కంచం నేను పెట్టకముందే తనే తీసుకుని పెట్టుకుంటున్నారు. తిట్టినా బాగుండేది.

26వ తేదీ, మంగళవారం

ఫిజియో అమ్మాయికి నేనే ఫోన్ చేసి రప్పించాను. ముగ్గురి ముందూ చెప్పాను. ఆమె మొహం ఎర్రబడింది. మీ ఇంటి గొడవలకి పేషెంటు చెయ్యే దొరికిందా అంది. దొరికింది, ఏం చెయ్యను, తల వంచుకున్నాను. చార్టులో మూడు వందలన్నీ కొట్టేసింది. మామయ్యని అడిగి, ఆయన చూపించిన వేళ్ళని బట్టి రోజుకి నలభై లోపే అని రాసింది. ఇంత తక్కువ పనికి బలం రాకపోవడం వింత కాదు, అసలు మొదలుపెట్టనట్టే లెక్క అంది. మూడు నెలలు నిండడానికి ఇంకా నాలుగు వారాలుంది. రెండు వారాలు పోయాయి, అవి తిరిగి రావు, ఉన్నవైనా సరిగ్గా వాడుకోండి అని చెప్పి వెళ్ళింది.

మామయ్య గోడవైపు తిరగలేదు. ఆమె వెళ్ళగానే నాబ్ కోసం చెయ్యి చాపారు. కుడిచెయ్యి.

28వ తేదీ, గురువారం

పూటకి 17, 15, 19. చిన్నది నాతో పని ఉంటేనే మాట్లాడుతోంది. ఉప్పెక్కడుంది, నాన్న మందులేవి, అంతవరకే. మళ్ళీ నన్ను మీరు అనే అంటోంది.

1వ తేదీ, ఆదివారం

22. చిన్నది ఆయన పక్కన కూర్చుని, ఆయన వేలితో పాటు తనూ దుప్పటి మీద వేలితో కొడుతోంది. గుమ్మం దగ్గర నిలబడి చూశాను. కుర్చీ తెచ్చుకుని నేనూ కూర్చోవచ్చు. కూర్చుంటే లేచి వెళ్ళిపోతుందేమోనని కూర్చోలేదు.

6వ తేదీ, శుక్రవారం

మీటర్ మూడున్నర. ఫిజియో అమ్మాయి రెండుసార్లు నొక్కించింది, రెండోసారీ మూడున్నరే. మామయ్య ఆమె చేతిలోంచి మీటర్ తీసుకోబోయారు, మూడోసారి తనే చూసుకుందామని. నవ్వింది ఆమె.

ఇవాళ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చిన్నది లేవలేదు. కాస్త జరిగింది, కుర్చీకి చోటు చాలక.

13వ తేదీ, శుక్రవారం

41. మీటర్ నాలుగున్నర. నీలం డబ్బాలో మిగిలిన వాటన్నిటికీ కూర్చుని రెసిస్టర్లు అతుకుతున్నాను. పదిహేడు ఉన్నాయి. పట్టుకారు పట్టడానికి మనిషి లేరు, ఒక్కదాన్నే తిప్పలు పడుతున్నాను. మధ్యాహ్నం చిన్నది వచ్చి పట్టుకారు తీసుకుంది.

కాసేపయ్యాక ఐరన్ దానికిచ్చి చూశాను, దాని అతుకు నాదానికంటే శుభ్రంగా ఉంది. కడుపులో మంట. రాసుకోవడానికి సిగ్గేం లేదు, గ్యాస్ కాదు.

21వ తేదీ, శనివారం

మామయ్యని కిందకి దించాం. ఈయన ఒక పక్క, చిన్నది ఒక పక్క, నేను ముందు, వెనక్కి నడుస్తూ. దాదాపు మూడు నెలల తర్వాత ఆయన తన కుర్చీలో కూర్చున్నారు. ఏ సొరుగు ఎక్కడుందో అన్నీ ఒకసారి కళ్ళతో తడిమారు. నీలం డబ్బా మీద "గుడ్డివి" అనే మాట కొట్టేసి ఉండడం చూశారు.

కాసేపటికి ఒకతను వచ్చాడు, బండి ఇంజను కూడా ఆపకుండా, ఎన్‌కోడర్ ఒకటి ఇవ్వండమ్మా త్వరగా అంటూ. నేను గుడ్డ పరిచి మాడ్యూల్ పెట్టాను. బోర్లించబోతుంటే కౌంటర్ అంచు మీద మామయ్య కుడిచెయ్యి కదిలింది.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

చెయ్యి గుడ్డ మీదికి పాక్కుంటూ వచ్చింది. బొటనవేలు మాడ్యూల్ అంచుకి తగిలింది, జారిపోయింది. మళ్ళీ వచ్చింది. చూపుడువేలు కిందకి దూర్చబోయి ఆగింది. సాయం చెయ్యకుండా ఉండడానికి నేను రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాను. చిన్నది చున్నీ కొస నోట్లో కుక్కుకుంది. ఈయన అద్దాలు తీసేశారు. మాడ్యూల్ ఒక అంచు మీద లేచింది, అలాగే నిలబడింది, మళ్ళీ వెల్లకిలా పడింది.

బయట బండి గుర్‌మంటోంది. "ఏంటమ్మా ఇది, ఇచ్చేస్తే పోతాను కదా" అన్నాడు అతను.

మూడోసారి వేళ్ళు రెండూ దాన్ని పట్టుకున్నాయి. లేచింది, తిరిగింది, గుడ్డ మీద బోర్లా పడింది. వీపు మీద రెండు రెసిస్టర్లూ ఉన్నాయి. మామయ్య వాటిని వేలితో ఒక్కొక్కటిగా తాకి, మాడ్యూల్‌ని అతని వైపు తోశారు.

"మా షాపులో బోర్లించి చూపించాకే ఇస్తామండీ" అంది చిన్నది అతనితో.

ఆ మాట నేను అనాల్సింది. నోరు తెరిచేలోపే అనేసింది.